లారీ ఎయిర్ ట్యాంకులో గాలి సరిగ్గా ఉందో లేదో ముల్లు చూసి ఎలా తెలుసుకోవాలి

ఎయిర్ బ్రేకులున్న బండి ఎక్కి ఇంజన్ స్టార్ట్ చేశాక చాలామంది గాలి గేజ్ వైపు చూస్తారు. అయితే వాళ్లు చూసేది ఒక్కటే, ముల్లు పైకి వచ్చిందా లేదా అని. వచ్చిందంటే బండి కదిలిపోతుంది. నన్నడిగితే అది సగం చూపే. ముల్లు ఏ అంకె మీద ఉందో ఎంత ముఖ్యమో, అక్కడికి ఎంతసేపట్లో చేరింది, ఎక్కడ ఆగింది, ఇంజన్ ఆపాక ఎంత వేగంగా దిగుతోంది అనేవి కూడా అంతే ముఖ్యం. ఈ సంగతులన్నీ చూడటానికి పావుగంట చాలు. సెకన్ల ముల్లున్న వాచీ లేదా ఫోను, చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మలు, ఒక సీసాలో సబ్బు నీళ్లు దగ్గర పెట్టుకోండి.

ముందు అంకెలు మనసులో పెట్టుకోండి

కొన్ని గేజ్‌లు పీఎస్ఐలో (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు) ఉంటాయి, కొన్ని బార్‌లో, కొన్ని కేజీల్లో (చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోలు). ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ. కేజీ కూడా దాదాపు బార్ అంతే, కాబట్టి రోజువారీ పనికి రెండింటినీ ఒకటిగా అనుకున్నా ఇబ్బంది లేదు. 100 పీఎస్ఐ అంటే దగ్గరదగ్గర 7 బార్, 125 పీఎస్ఐ అంటే 8.6 బార్.

ఎక్కువ బళ్లలో ట్యాంకు ప్రెషర్ మామూలుగా 100 నుంచి 125 పీఎస్ఐ మధ్య తిరుగుతూ ఉంటుంది. పైహద్దు కొన్నిటిలో 120 దగ్గర, కొన్నిటిలో 135 దాకా ఉండొచ్చు. ఇంకా ఎక్కువ ప్రెషర్‌తో పనిచేసేలా తయారైన బళ్లు కూడా ఉన్నాయి. అందుకే బండితో వచ్చిన పుస్తకంలో ఏం రాసి ఉందో ఒకసారి చూసి, ఆ అంకెనే మీ కొలతగా పెట్టుకోండి. 60 పీఎస్ఐ, అంటే 4 బార్, దగ్గరికి దిగేలోపే బజర్ మోగి ఎర్ర లైటు వెలగాలి. ఇంకా దిగి 20 నుంచి 45 పీఎస్ఐ మధ్యకు వస్తే స్ప్రింగ్ బ్రేకులు, అంటే స్ప్రింగు బలంతో పట్టే పార్కింగ్ బ్రేకులు, వాటంతట అవే పట్టేస్తాయి. పైవైపు చూస్తే, ట్యాంకు మీద ఉండే సేఫ్టీ వాల్వ్ చాలా బళ్లలో 150 పీఎస్ఐ దగ్గర తెరుచుకుని గాలిని బయటికి వదిలేస్తుంది.

అసలు ఇంత ప్రెషర్ ఎందుకు అన్న ప్రశ్నకు చిన్న లెక్క ఉంది. వెనక చక్రాల దగ్గర టైప్ 30 అనే బ్రేక్ చాంబర్ సర్వసాధారణం. చాంబర్‌ను కొన్నిచోట్ల బూస్టర్ అని కూడా అంటారు. దానిలోని రబ్బరు పొర వైశాల్యం 30 చదరపు అంగుళాలు. దాని మీద 100 పీఎస్ఐ గాలి పడితే 3,000 పౌండ్ల బలం, అంటే 1,360 కిలోల తోపు వస్తుంది. అదే 60 పీఎస్ఐ అయితే 1,800 పౌండ్లు, సుమారు 816 కిలోలు. బండీ అదే, లోడూ అదే, తొక్కే కాలూ అదే. తోపు మాత్రం వందకు నలభై వంతులు పోయింది.

ఇక్కడే మనం మోసపోయే చోటు ఒకటి ఉంది. మామూలుగా రోడ్డు మీద మెల్లగా బ్రేక్ వేసినప్పుడు చాంబర్లలోకి వెళ్లేది 10 నుంచి 30 పీఎస్ఐ మాత్రమే. ట్యాంకులో 70 ఉన్నా ఆ కాస్తా వెళ్తుంది, బండి చక్కగానే ఆగుతుంది. కాలికి ఏ తేడా తెలియదు. అడ్డంగా ఏదో వచ్చి పెడల్ పూర్తిగా నొక్కాల్సి వచ్చిన రోజునే ట్యాంకులో లేని గాలి లోటు తెలుస్తుంది. అందుకే బ్రేక్ బాగానే పడుతోంది కదా అని గేజ్‌ను వదిలేయకండి.

రెండు ముళ్లు ఎందుకున్నాయి

గేజ్‌లో రెండు ముళ్లుంటాయి, లేదా రెండు గేజ్‌లు ఉంటాయి. ఒకటి ప్రైమరీ, ఎక్కువ బళ్లలో వెనక ఇరుసుల బ్రేకులది. రెండోది సెకండరీ, ముందు చక్రాలది. ఒక వైపు పైపు పగిలినా రెండో వైపు బ్రేకు మిగలాలన్నది దీని ఉద్దేశం. రెండు ముళ్లూ ఇంచుమించు కలిసి ఎక్కాలి, ఇంచుమించు ఒకే అంకె దగ్గర ఆగాలి. ఒకటి ఎప్పుడూ వెనకబడుతుంటే లీకు ఏ వైపుందో ముల్లే చెబుతోందన్న మాట.

తడి ట్యాంకు ఉన్న బళ్లలో, గాలిని నొక్కి నింపే కంప్రెసర్ నుంచి వచ్చే గాలి ముందు దానిలోకి వెళ్లి, అక్కణ్నుంచి ప్రైమరీ, సెకండరీ ట్యాంకుల్లోకి చెక్ వాల్వుల గుండా పోతుంది. చెక్ వాల్వ్ గాలిని ఒక్క దిక్కుకే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. డ్యాష్‌బోర్డు మీది ముళ్లు తడి ట్యాంకును చూపించవు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

మొదటి మెట్టు: బండిని కదలకుండా చేయండి

చదునైన చోట ఆపండి. చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. ఈ పరీక్షల్లో పార్కింగ్ బ్రేకు వదలాల్సి వస్తుంది, గాలి మొత్తం దించాల్సీ వస్తుంది. దిమ్మలు లేకుండా ఒక్క మెట్టు కూడా వేయొద్దు. వాలు మీద ఉంటే ఈ పని మానేసి వేరే చోటికి వెళ్లండి. ఇందులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

రెండో మెట్టు: గాలి ఎక్కే వేగం చూడండి

పెడల్‌ను మళ్లీ మళ్లీ తొక్కి ప్రెషర్‌ను 80 కిందకు దించండి. ఇప్పుడు ఇంజన్‌ను మామూలుగా రోడ్డు మీద తిరిగే వేగంలో ఉంచి, ముల్లు 85 దాటగానే వాచీ చూడండి. అక్కణ్నుంచి 100కి 45 సెకన్లలోపు చేరాలి. అమెరికాలో భారీ బళ్ల లైసెన్సు కోసం చదివే పుస్తకంలో ఉన్న లెక్క ఇది. ఐడిల్‌లో పెట్టి కొలిస్తే ఇంకా ఎక్కువసేపు పడుతుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. ట్యాంకులు మామూలుకన్నా పెద్దవైతే కూడా కొంచెం ఆలస్యం సహజమే. ఎత్తైన కొండ ప్రాంతంలో గాలి పలచన కాబట్టి కంప్రెసర్ లోపలికి పీల్చుకునేది తక్కువ, అక్కడా ముల్లు నెమ్మదిగానే ఎక్కుతుంది.

ఈ కారణాలేవీ లేకుండా ఆలస్యమవుతుంటే మూడు చోట్ల వెతకండి. కంప్రెసర్‌కు గాలి వెళ్లే ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. కంప్రెసర్ నుంచి వచ్చే పైపులో మసి గట్టిపడి దారి ఇరుకై ఉండొచ్చు. లేదా కంప్రెసర్ రింగులు అరిగి ఉండొచ్చు. వీటికన్నా ముందు పెద్ద లీకు ఏదీ లేదని నిర్ధారించుకోండి, ఎందుకంటే ఒక పక్క నింపుతూ ఇంకో పక్క కారుతుంటే మంచి కంప్రెసర్ కూడా చెడ్డదానిలా కనిపిస్తుంది.

మరీ త్వరగా ఎక్కినా సంతోషించకండి. అది నీళ్ల కథ కావచ్చు, కింద చెబుతాను.

మూడో మెట్టు: ఎక్కడ ఆగింది, ఎక్కడ మళ్లీ మొదలైంది

కంప్రెసర్ ఇంజన్‌తో పాటు తిరుగుతూనే ఉంటుంది. ట్యాంకు నిండగానే దాన్ని గాలి నొక్కకుండా ఆపేది గవర్నర్. ఆ అంకెను కట్ అవుట్ అంటారు. అదే క్షణంలో ఎయిర్ డ్రైయర్ తనలో చేరిన తేమను ఒక్కసారిగా బయటికి కొడుతుంది. 'ఫుస్స్' మని వినిపించే శబ్దం అదే. ఆ శబ్దం వచ్చినప్పుడు ముల్లు ఏ అంకె మీదుందో రాసుకోండి. డ్రైయర్ తనను తాను ఆరబెట్టుకోవడానికి కొంచెం గాలి వాడుకుంటుంది కాబట్టి ముల్లు కాస్త దిగి నిలబడొచ్చు. అది జబ్బు కాదు.

ఇప్పుడు ఇంజన్ ఐడిల్‌లో ఉండగా బ్రేక్ తొక్కుతూ వదులుతూ ఉండండి. ముల్లు దిగుతూ దిగుతూ ఒకచోట ఆగి మళ్లీ పైకి లేస్తుంది. అది కట్ ఇన్. లారీల్లో ఇది 100 పీఎస్ఐ కన్నా కిందకు పోకూడదు. రెండు అంకెల మధ్య తేడా సాధారణంగా 20 నుంచి 25 పీఎస్ఐ ఉంటుంది.

కట్ అవుట్ రాకుండా ముల్లు పోతూనే ఉండి సేఫ్టీ వాల్వ్ పేలిన శబ్దంతో తెరుచుకుంటే గవర్నర్‌నో, గవర్నర్ నుంచి కంప్రెసర్‌కు వెళ్లే సన్న పైపునో అనుమానించాలి. సేఫ్టీ వాల్వ్ ఉంది కదా అని అలాగే నడపకూడదు. అది చివరి కాపలా, రోజూ పనిచేయాల్సిన భాగం కాదు. దాన్ని బిగించేసి శబ్దం ఆపిన వాళ్లను చూశాను. ట్యాంకు గోడ మీద నమ్మకంతో ఆడే ఆట అది, దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

బండి ఊరికే నిలబడి ఉండగా కొద్ది నిమిషాలకోసారి 'ఫుస్స్' మంటుంటే ఎక్కడో గాలి పోతోందని అర్థం. తర్వాతి మెట్టు దానికోసమే.

నాలుగో మెట్టు: గాలి ఎంత కారుతోందో కొలవండి

ట్యాంకులు పూర్తిగా నింపి ఇంజన్ ఆపండి. దిమ్మలు ఉన్నాయో లేదో మళ్లీ చూసి పార్కింగ్ బ్రేకు వదలండి. వెంటనే కొలవడం మొదలుపెట్టొద్దు. కంప్రెసర్ నుంచి వచ్చిన గాలి వేడిగా ఉంటుంది, అది చల్లబడేకొద్దీ ప్రెషర్ కొంత తగ్గుతుంది. లీకు లేకపోయినా ముల్లు దిగినట్టు కనిపిస్తుంది. అది నిలకడ పడ్డాక ఒక నిమిషం కొలవండి. ట్రైలర్ లేని బండి అయితే 2 పీఎస్ఐ, ట్రైలర్ తగిలించి ఉంటే 3 పీఎస్ఐ మించి దిగకూడదు.

తర్వాత పెడల్‌ను గట్టిగా నొక్కి అలాగే పట్టుకోండి. నొక్కగానే ఒక్కసారిగా దిగేది చాంబర్లలోకి వెళ్లిన గాలి, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. అది ఆగాక నిమిషం చూడండి. ఈసారి హద్దు 3 పీఎస్ఐ, ట్రైలర్ ఉంటే 4.

బార్ గేజ్‌లో 2 పీఎస్ఐ అంటే 0.14 బార్. అంత చిన్న కదలిక కంటికి ఆనదు. అలాంటప్పుడు పెడల్ నొక్కకుండా చేసే పరీక్షను ఐదు నిమిషాలు చేయండి. ఐదు నిమిషాల్లో 0.7 బార్ దిగితే హద్దు మీద ఉన్నట్టు.

ఈ హద్దుల గురించి నా మాట ఒకటి. నిమిషానికి 2 పీఎస్ఐ చొప్పున కారితే 120 ఉన్న ట్యాంకు కొన్ని గంటల్లోనే దాదాపు ఖాళీ అవుతుంది. అంటే పరీక్ష పాసైన బండే తెల్లారేసరికి గాలి లేకుండా పడి ఉండొచ్చు. హద్దు దాటలేదు కదా అని సరిపెట్టుకోకుండా, రాత్రి పెట్టినప్పుడు ఎంతుంది, పొద్దున ఎంతుంది అని చూసుకోండి. బాగా చూసుకునే బండిలో తెల్లారినా ముల్లు చాలావరకు నిలబడే ఉంటుంది.

లీకు ఎక్కడుందో రెండు పరీక్షల మధ్య తేడా చెబుతుంది. పెడల్ నొక్కినప్పుడే దిగుతుంటే పెడల్ దగ్గరుండే ఫుట్ వాల్వ్ నుంచి చాంబర్ల దాకా ఉన్న దారిలో, అంటే హోసుల్లోనో చాంబర్ పొరలోనో ఉంది. పార్కింగ్ బ్రేకు వదిలినప్పుడే దిగుతుంటే స్ప్రింగ్ బ్రేకు వైపు ఉంది. ఏం చేసినా చేయకపోయినా దిగుతుంటే ట్యాంకులు, డ్రైయర్, వాటి జాయింట్లు చూడండి. ఎయిర్ సీటు, హారన్, క్లచ్ బూస్టర్ లాంటివి కూడా ఇదే గాలి తాగుతాయి, వాటిని మరిచిపోయి బ్రేకుల చుట్టూ గంటలు తిరిగే వాళ్లున్నారు. పెడల్ నొక్కి పట్టుకోవడానికి ఒకరిని క్యాబిన్‌లో కూర్చోబెట్టి, మీరు చుట్టూ తిరుగుతూ చెవితో వినండి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లండి. బుడగ ఎక్కడ లేస్తే అక్కడే లీకు. గాలి ఉండగా ఏ నట్టూ విప్పొద్దు. ఒత్తిడిలో ఉన్న హోసు ఊడితే కొరడాలా కొడుతుంది.

ఐదో మెట్టు: బజర్, స్ప్రింగ్ బ్రేకు పనిచేస్తున్నాయా

ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి పెడల్ తొక్కుతూ గాలి దించండి. 60కి చేరేలోపు బజర్ మోగి లైటు వెలగాలి. మోగకపోతే ఆ బండిని రోడ్డెక్కించొద్దు. బజర్ చప్పుడు చిరాకని వైరు పీకేసిన బండి ఎప్పుడైనా మీ చేతికి వస్తే ముందు ఆ వైరు కలపండి.

తొక్కుతూనే ఉండండి. పార్కింగ్ బ్రేకు బటన్ లాగే రకమైతే 20 నుంచి 45 పీఎస్ఐ మధ్య అది టక్కున బయటికి వస్తుంది. లివర్ రకంలో అలా ఏమీ కనిపించదు, గాలి తగ్గేకొద్దీ స్ప్రింగులు వాటంతట అవే పట్టు బిగిస్తాయి. గాలి పోతే బ్రేకు పోవడం కాదు, బ్రేకు పడటం అన్న ఈ ఆలోచన పాతదే. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో రైళ్లకు ఎయిర్ బ్రేకు పేటెంట్ తీసుకున్నాడు. ఆ మొదటి రకంలో పైపు తెగితే బ్రేకే లేదు. 1872లో ఆయనే గాలి పోగానే బ్రేకు పడేలా దాన్ని మార్చాడు. లారీలో ఆ పని స్ప్రింగు చేస్తోంది. ఆ స్ప్రింగు ఎంత బలమైనదంటే, చాంబర్‌ను తెలియక విప్పితే ప్రాణాలు తీస్తుంది. దాన్ని శిక్షణ ఉన్న మెకానిక్‌కే వదిలేయండి.

ఆరో మెట్టు: నీళ్లు వదలండి

నేను ఎక్కువ గట్టిగా చెప్పాలనుకునేది ఈ మెట్టు గురించే, ఎందుకంటే గేజ్ చూపించలేనిది ఇక్కడే ఉంది. గేజ్ చూపేది ప్రెషర్. ట్యాంకులో ఎంత గాలి ఉందో అది చెప్పదు. కంప్రెసర్ నొక్కిన గాలిలోని తేమ ట్యాంకులో చల్లబడి నీరవుతుంది. రోజూ వదలకపోతే అది పేరుకుంటుంది. సగం నీళ్లున్న ట్యాంకు కూడా 120 పీఎస్ఐ చూపిస్తుంది, కానీ లోపల ఉన్న గాలి సగమే. అమెరికా ప్రమాణాల్లో ట్యాంకుల మొత్తం పరిమాణం బ్రేక్ చాంబర్ల మొత్తం పరిమాణానికి కనీసం 12 రెట్లు ఉండాలని ఉంది. వరసగా కొన్నిసార్లు గట్టిగా బ్రేక్ వేసినా గాలి మిగలాలని ఆ నిల్వ. నీళ్లు ఆ నిల్వనే తినేస్తాయి. అలాంటి బండిలో ముల్లు చురుగ్గా ఎక్కుతుంది, డ్రైవర్ కంప్రెసర్ భేష్ అనుకుంటాడు, బ్రేకు నాలుగుసార్లు వేయగానే అంతే చురుగ్గా దిగుతుంది. కాబట్టి ఎప్పటికన్నా త్వరగా గాలి ఎక్కడం మొదలైతే ముందు ట్యాంకు అడుగున నీళ్లు వదిలే డ్రెయిన్ తిప్పి చూడండి.

ఇంజన్ ఆపి తడి ట్యాంకు డ్రెయిన్ ముందు తెరవండి. ముఖం పక్కకు పెట్టుకోండి, కళ్లద్దాలుంటే ఇంకా మంచిది. తడి ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేటప్పుడు క్యాబిన్‌లో ఒకరిని ముళ్లు చూడమనండి. అవి కదలకూడదు. కదిలితే చెక్ వాల్వ్ గాలిని వెనక్కి వదులుతోంది, కంప్రెసర్ వైపు పైపు తెగిన రోజున మీ బ్రేకుల గాలి కూడా అటే పోతుంది. తర్వాత మిగిలిన ట్యాంకులు కూడా వదలండి.

వచ్చేదాన్ని అరచేయంత గుడ్డ మీద పట్టి చూడండి. కొద్దిపాటి తేమ ఉంటే మామూలే. నీళ్లు బాగా వస్తుంటే డ్రైయర్ కార్ట్రిడ్జ్ పని అయిపోయింది. పాలలా తెల్లగా, జిడ్డుగా వస్తే నీళ్లలో ఆయిల్ కలిసింది, కంప్రెసర్ ఆయిల్ వదులుతోంది. ఆ జిడ్డు వాల్వుల రబ్బర్లను పాడు చేస్తుంది కాబట్టి వాయిదా వేయకండి. చలి ఎక్కువున్న చోట ఇవే నీళ్లు గడ్డకట్టి వాల్వులను బిగబెట్టేస్తాయి.

రోడ్డు మీద ముల్లు దిగుతుంటే

పొడవైన దిగుడులో పెడల్‌ను కొట్టుకుంటూ పోతే ప్రతి దెబ్బకూ కొంత గాలి బయటికి పోతుంది, డ్రమ్ములు కూడా కాలిపోతాయి. దిగుడు మొదలవకముందే చిన్న గేరులోకి వచ్చి, ఇంజన్ బ్రేకును వాడుకుని, పెడల్‌ను తక్కువసార్లు నొక్కండి. ముల్లు కట్ ఇన్ అంకె దాటి ఇంకా దిగుతోందంటే వాడకం కంప్రెసర్ ఇచ్చేదాన్ని మించింది లేదా ఎక్కడో పైపు పోయింది.

బజర్ మోగితే టెన్షన్ పడి పెడల్‌ను పదేపదే తొక్కొద్దు, మిగిలిన గాలిని మీరే ఖర్చు చేసినట్టవుతుంది. ఇండికేటర్ వేసి, గేరు తగ్గించి, ఒక్క నిలకడైన నొక్కుతో రోడ్డు పక్కకు తీసి ఆపండి. స్ప్రింగ్ బ్రేకులు వాటంతట అవి పడేదాకా ఆగితే ఎక్కడ ఆగాలో అవే తేల్చేస్తాయి, వంపులోనో నడిరోడ్డులోనో. ఆపాక పార్కింగ్ బ్రేకు వేసి దిమ్మలు పెట్టండి. పెడల్ నొక్కి ఉంచి పార్కింగ్ బ్రేకు వేయడం మాత్రం అలవాటు చేసుకోవద్దు, స్ప్రింగు బలం, గాలి బలం రెండూ కలిసి స్లాక్ అడ్జస్టర్లను (చాంబర్ తోపును బ్రేకుకు అందించే చేతులు), షూలను దెబ్బతీస్తాయి. దగ్గరి షెడ్డు దాకా పోదామని స్ప్రింగ్ బ్రేకును బోల్టుతో బిగించి వదిలించుకుని నడపకండి. అప్పుడు ఆ బండిని ఆపేది ఏదీ ఉండదు.

పూర్తయ్యాక క్యాబిన్‌లో ఒక చిన్న నోటుబుక్కులో తేదీ వేసి ఐదు అంకెలు రాయండి: 85 నుంచి 100కి పట్టిన సెకన్లు, కట్ అవుట్, కట్ ఇన్, పెడల్ నొక్కకుండా నిమిషానికి దిగింది, నొక్కినప్పుడు దిగింది. వారానికోసారి రాస్తే చాలు. పోయిన నెల 30 సెకన్లలో ఎక్కిన బండి ఈ నెల 42 తీసుకుంటే హద్దులోనే ఉన్నా మెకానిక్‌కు ఆ పేజీ చూపించండి, ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి సగం తెలిసిపోతుంది.